మగత లేదంటే చురుకుగా ఉన్నట్టేనా?

యార్డులకు మిర్చి రావడం, పిల్లలకు పరీక్షలు రావడం మన దగ్గర ఇంచుమించు ఒకే కాలంలో జరుగుతాయి. ఆ కాలంలో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలా భాగం జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు, నిద్ర మాత్రల గురించే ఉంటాయి. పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే ఆరు ఉత్తరాలను ఈ నెల ఒకచోట చేర్చాను. నిజానికి అవన్నీ మెదడులోని ఒకే పదార్థం గురించి అడుగుతున్నాయి. కొన్నింటిని క్లుప్తం చేశాను, ఊరి పేరు తప్ప రాసినవారి వివరాలు తీసేశాను.

ప్రశ్న: నేను లారీ డ్రైవరును. సీజన్లో గుంటూరు యార్డు నుంచి మిర్చి బస్తాలు చెన్నైకి తోలుతాను. లోడు ఎక్కించే రోజు తుమ్ములు, ముక్కు కారడం ఆగవు. మందుల షాపులో అడిగితే ఇచ్చే చిన్న మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది. దాని మీద క్లోర్‌ఫెనిరమిన్, 4 మిల్లీగ్రాములు అని ఉంది. మొదట్లో కళ్లు మూతలు పడేవి కానీ ఇప్పుడు అలవాటైపోయింది, నిద్ర రావడం లేదు. అయినా ఇంట్లోవాళ్లు మానేయమని పోరుతున్నారు. మానాలా?
– ఒక డ్రైవరు సోదరుడు, చిలకలూరిపేట

జవాబు: మీ ఇంట్లోవాళ్ల మాటే సరైనది. అయితే కారణం చెప్పకుండా మానేయమంటే ఎవరూ మానరు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

హిస్టమిన్ అనే పదార్థం మన శరీరంలో రెండు ఉద్యోగాలు చేస్తుంది. ముక్కులోనూ చర్మంలోనూ అది తుమ్ములు, దురద, దద్దుర్లు తెప్పిస్తే, మెదడులో అదే పదార్థం మనల్ని మెలకువగా ఉంచుతుంది. ఎక్కడైనా సరే, కణాల పైపొరలో తనకోసం ఉన్న గ్రాహకాల మీద కూర్చుంటేనే అది పని చేయగలదు. మీరు వేసుకునే మాత్ర హెచ్‌1 అనే రకం గ్రాహకాల మీద ముందుగా చేరి హిస్టమిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టన్న మాట. ముక్కులోని సీట్లకు మాత్రమే తువ్వాళ్లు వేసి ఊరుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కానీ క్లోర్‌ఫెనిరమిన్, అవిల్ అని మనం పిలుచుకునే ఫెనిరమిన్, దగ్గు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వంటి పాతతరం మందులు కొవ్వులో సులువుగా కరుగుతాయి కనుక రక్తం నుంచి మెదడులోకి తేలిగ్గా దిగిపోయి అక్కడి సీట్లనూ ఆక్రమిస్తాయి.

మెదడులో ఎన్ని సీట్లకు తువ్వాళ్లు పడ్డాయో లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో కజుహికో యనాయ్ బృందం పెట్ స్కాన్ (ఒంట్లోకి ఎక్కించిన కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే స్కాన్) సాయంతో ఈ లెక్క ఎన్నో మందులకు కట్టింది. క్లోర్‌ఫెనిరమిన్‌లో అసలు పని చేసే రూపం 2 మిల్లీగ్రాములకే, అంటే మీ మాత్ర ఒక్కదానిలో ఉండేంతకే, మెదడులోని హెచ్‌1 గ్రాహకాల్లో దాదాపు సగం మందు చేతిలోకి పోతాయని తేలింది. కొత్తతరం అలర్జీ మందుల్లో సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములకు ఆ వాటా 12, 13 శాతం. ఫెక్సోఫెనడిన్‌కు దాదాపు సున్నా. 50 శాతం దాటితే మత్తు కలిగించే మందులనీ, 20 శాతం లోపు ఉంటే మత్తు కలిగించనివనీ ఆ బృందం వర్గీకరించింది.

ఇక మీ అసలు వాదన: నిద్ర రావడం లేదు కదా అని. నిద్ర రాకపోవడం, ధ్యాస చెడకపోవడం ఒకటి కాదు. అమెరికాలోని అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. అలర్జీ ఉన్న 40 మందిని, వేర్వేరు రోజుల్లో, ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు ఇచ్చి, ఒకసారి ఫెక్సోఫెనడిన్ ఇచ్చి, ఒకసారి మద్యం పట్టించి, ఒకసారి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, గంటసేపు బండి నడిపించారు. మద్యం మోతాదు చిన్నదేమీ కాదు. రక్తంలో సుమారు 0.1 శాతం, అంటే మన మోటారు వాహనాల చట్టం అనుమతించే 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల పరిమితికి మూడు రెట్లు పైనే. ముందు వెళ్లే బండి వేగం పెంచినప్పుడు పెంచుతూ, తగ్గించినప్పుడు తగ్గిస్తూ ఎడం కాపాడుకోవడమే అసలు పరీక్ష. అందులో డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడు జనం మద్యం తాగినప్పటికంటే అధ్వాన్నంగా నడిపారు. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు ఉత్తుత్తి మాత్రకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వీటన్నిటికంటే మీరు గుర్తుపెట్టుకోవలసినది ఇంకొకటి ఉంది: నాకు ఇంత మగతగా ఉంది, ఇంత లేదు అని వాళ్లు చెప్పుకున్నదానికీ, బండి ఎలా నడిపారన్నదానికీ పొంతన చాలా తక్కువగా ఉంది. బాగానే ఉన్నానని చెప్పినవారి మాటను బట్టి వారి డ్రైవింగును అంచనా వేయడం సాధ్యం కాలేదు.

నాకూ ఒక అనుభవం ఉంది. హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒళ్లంతా దద్దుర్లు లేస్తే రాత్రి అవిల్ వేసుకుని పడుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, కాఫీ తాగి, ఏ మగతా లేకుండా వార్డుకు వెళ్లాను. పదకొండో బెడ్ రోగి బీపీని పన్నెండో బెడ్ చార్టులో రాశాను. సిస్టరు చూపించాక కొట్టేసి, మళ్లీ శ్రద్ధగా పన్నెండో బెడ్ చార్టులోనే రాశాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, “రాత్రి ఏం వేసుకున్నారు డాక్టరుగారూ?” అని అడిగింది. ఆ ప్రశ్న వినేదాకా నాకు ఏదో తేడాగా ఉందన్న అనుమానమే రాలేదు. వార్డులో అయితే కొట్టివేతతో పోయింది. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ ఒక్క సెకనులో 16 మీటర్లు దాటిపోతుంది. అక్కడ కొట్టివేతకు వీలుండదు.

అలవాటు పడటమనేది పూర్తిగా అబద్ధం కాదని కూడా నిజాయతీగా చెప్పాలి. డైఫెన్‌హైడ్రమిన్‌ను రోజుకు రెండుసార్ల చొప్పున వరసగా ఇచ్చి చూస్తే నాలుగో రోజుకు మత్తు దాదాపు మాయమైందని ఒక ప్రయోగంలో తేలింది. కానీ మీరు వరసగా వేసుకోవడం లేదు. లోడు ఉన్నప్పుడు ఒకటో రెండో వేసుకుని, వారం ఆగి, మళ్లీ లోడు రాగానే వేసుకుంటున్నారు. అంటే మీ మెదడుకు ప్రతిసారీ అది మొదటి రోజే. పైగా పెద్దవాళ్ల ఒంట్లో క్లోర్‌ఫెనిరమిన్ సగానికి తగ్గడానికే చాలామందిలో 20 గంటల దాకా పడుతుంది. సాయంత్రం గుంటూరులో వేసుకున్న మాత్ర తెల్లవారుజామున నెల్లూరు దాటుతున్నప్పుడు కూడా మీతోనే కూర్చుని ఉంటుంది. దాని మీద ఒక చుక్క మద్యం పడినా రెండూ కలిసి లెక్క పెరుగుతుంది.

చివరగా, మిర్చి ఘాటుకు వచ్చే తుమ్ములన్నీ అలర్జీ కావు. మిరపలోని కాప్సైసిన్ ముక్కులోని నరాల కొసలను నేరుగా మండిస్తుంది. దానికి హిస్టమిన్‌తో పెద్దగా పని లేదు. మీ మాత్ర ముక్కు కారడం తగ్గించేది ఎక్కువగా లోపలి తడిని ఆరబెట్టే తన రెండో గుణం వల్ల. కాబట్టి లోడింగ్ దగ్గర నిలబడేటప్పుడు ముక్కూ నోరూ బిగుతుగా కప్పే మాస్కు పెట్టుకోండి, అయ్యాక ముక్కు, మొహం నీళ్లతో కడుక్కోండి. దుమ్ముకు నిజంగా అలర్జీ ఉందని డాక్టరు తేలిస్తే ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ వంటి మెదడులోకి వెళ్లని మందులు ఉన్నాయి. వాటిని కూడా మొదటిసారి ఇంట్లో ఉన్న రోజు వేసుకుని చూడండి, స్టీరింగు పట్టుకునే రోజు కాదు.

ప్రశ్న: ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించి రిటైరయ్యాను. హిస్టమిన్ అంటే వాపు, దురద, ఉబ్బసం అనే పాఠం చెప్పాను. అది మెలకువకు కారణమని ఈ మధ్య విన్నాను. ఒకే పదార్థానికి ఇంత పొంతన లేని రెండు పనులా? పైగా అదే నిజమైతే, ఒళ్లంతా దద్దుర్లు లేచి రక్తంలో హిస్టమిన్ పొంగిన మనిషి మహా చురుగ్గా ఉండాలి కదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: మాస్టారూ, మీ రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది. దానికి జవాబు చిన్నదే: రక్తంలోని హిస్టమిన్ మెదడులోకి వెళ్లలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అవరోధం దాన్ని గడప దాటనివ్వదు. మెదడు తనకు కావలసిన హిస్టమిన్‌ను హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే వండుకుంటుంది. అందువల్ల ఒకే పేరు గల రెండు వేర్వేరు వ్యవస్థలు అవి, ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరుతో రెండు కుటుంబాలు ఉన్నట్టు. గ్రాహకాలు మాత్రం రెండు చోట్లా ఒకటే కావడంతో మందు తేడా గుర్తించలేక ఇద్దరి తలుపూ తడుతుంది.

మొదటి ప్రశ్నకు చరిత్రలోకి వెళ్లాలి. 1910లో లండన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా హిస్టమిన్ శరీరం మీద చేసే పనులను మొదట వివరంగా వర్ణించారు. 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డానియెల్ బోవె, ఆన్ మారీ స్టాబ్ దానిని అడ్డుకునే మొదటి రసాయనాన్ని కనుక్కున్నారు. బోవెకు 1957లో నోబెల్ వచ్చింది. 1940లలో ఈ మందులు రోగుల చేతికి రాగానే అందరికీ నిద్ర ముంచుకొచ్చింది. దాన్ని మందు దోషంగానే చూశారు తప్ప, హిస్టమిన్‌ను ఆపితే నిద్ర వస్తోందంటే హిస్టమిన్ మెలకువకు పనికొస్తోందేమో అని తిరగేసి ఆలోచించడానికి చాలా కాలం పట్టింది.

మరో వైపు నుంచి ఇంకో ఆధారం అప్పటికే సిద్ధంగా ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రోజుల తరబడి నిద్రలో ముంచేసే ఒక మెదడువాపు జబ్బు ఐరోపాను పట్టి పీడించింది. వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనొమో అలా చనిపోయినవారి మెదళ్లు పరిశీలించి, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం వెనుక వైపు దెబ్బ తగిలినవారే నిద్రలో కూరుకుపోయారనీ, కనుక మనిషిని మేలుకొలిపి ఉంచేదేదో అక్కడ ఉందనీ ఊహించాడు. ఆయన చూపించిన ఆ చోటే, 1984లో పెర్టి పనులా బృందమూ, జపాన్‌లో తకెహికో వతనబె బృందమూ వేర్వేరుగా హిస్టమిన్ తయారుచేసే నాడీకణాలను గుర్తించాయి. ఆ చోటు పేరు ట్యూబెరోమామిలరీ కేంద్రకం. మనిషి మెదడులో ఉండే కోట్లాది కణాల్లో ఇవి సుమారు 64 వేలే. అయినా వీటి తీగలు మెదడంతా, ముఖ్యంగా ఆలోచనకు నిలయమైన పైపొర అంతా, అల్లుకుపోయి ఉంటాయి.

ఈ కణాల ప్రవర్తన చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనం నిద్రలో ఉన్నప్పుడు, కలలు వచ్చే దశలో కూడా, ఇవి పూర్తిగా మౌనంగా ఉంటాయి. ఎలుకల్లో చూసినప్పుడు, ఇవి మెలకువ రాగానే కాక కాస్త ఆగి, ధ్యాస కుదిరాక పలకడం మొదలుపెట్టాయి. ఊరికే కూర్చున్నప్పుడు మందంగా, దేన్నయినా శ్రద్ధగా గమనిస్తున్నప్పుడు జోరుగా పలికాయి. అందుచేత హిస్టమిన్ అలారం గడియారం కంటే, లేచిన మనిషిని లేచి ఉండేలా చూసే కాపలావాడి వంటిది అనడం సబబు. హిస్టమిన్ తయారీకి అవసరమైన ఎంజైమ్ లేకుండా పుట్టించిన ఎలుకల మీద 2002లో వెలువడిన పరిశోధన దీనికి చక్కటి సాక్ష్యం. మామూలు ఎలుకను కొత్త పంజరంలో వేస్తే గంటల తరబడి మూలమూలా వాసన చూస్తుంది. హిస్టమిన్ లేని ఎలుక కొత్త చోటన్న జంకు గానీ కుతూహలం గానీ లేకుండా కాసేపటికే కునుకు తీసింది. నాకైతే మొదటి పీరియడ్‌లో జలుబు మాత్ర వేసుకుని వచ్చిన కుర్రాడే గుర్తుకొచ్చాడు. మీ ముప్పై ఏళ్ల సర్వీసులో అటువంటివాళ్లను ఎందరినో చూసి ఉంటారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. దుమ్ము అలర్జీ, పొద్దున్నే ఇరవై తుమ్ములు. మాత్ర వేస్తే పుస్తకం ముందు పెట్టుకుని అదే పేజీ చూస్తూ ఉంటాడు, వేయకపోతే ముక్కు చీదడంతోనే సరిపోతుంది. పరీక్షలకు ఏది మేలు? మాత్ర మానిపించడమా, వేయడమా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు గమనించిన రెండూ నిజమేనమ్మా. బ్రిటన్‌లో 1,834 మంది పదిహేను నుంచి పదిహేడేళ్ల విద్యార్థుల మీద జరిగిన ఒక పరిశీలన 2007లో వెలువడింది. అక్కడ పుప్పొడి అలర్జీ ఎక్కువయ్యే కాలంలోనే వేసవి పరీక్షలు ఉంటాయి. నమూనా పరీక్షలో వచ్చిన గ్రేడు అసలు పరీక్షలో పడిపోయినవారిని చూస్తే, అలర్జీ లక్షణాలతో బాధపడుతున్నవారికి ఆ ప్రమాదం 40 శాతం ఎక్కువగానూ, మత్తు కలిగించే అలర్జీ మందులు వాడుతున్నవారికి 70 శాతం ఎక్కువగానూ కనిపించింది. అంటే జబ్బును వదిలేసినా నష్టమే, తప్పు మందు వేసినా నష్టమే. మీరు మాత్ర వేయడమా మానడమా అని కాక, ఏ మాత్ర అని అడగాలి.

మీరు వాడుతున్న మాత్ర అట్ట వెనక చూడండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్ అన్న పేర్లలో ఏది ఉన్నా చదువుకునే పిల్లవాడికి అది తగినది కాదు. ‘జలుబు మాత్ర’ అని అమ్మేవాటిలో జ్వరం మందు పక్కన క్లోర్‌ఫెనిరమిన్ దాక్కుని ఉండటం సర్వసాధారణం కనుక పెద్ద అక్షరాల పేరును కాక చిన్న అక్షరాల జాబితాను చదవాలి. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ పాతవాటికంటే ఎంతో మెరుగు. అయితే కొందరిలో ఇవీ మందకొడితనం తెస్తాయి. తుమ్ములు తగ్గలేదని సెటిరిజిన్ రెండు మాత్రలు వేస్తే మెదడులో ఆక్రమణ 25 శాతానికి పెరుగుతుందని ఇందాక చెప్పిన పెట్ స్కాన్లే చూపించాయి. మీ అబ్బాయికి ఫెక్సోఫెనడిన్ గానీ బిలాస్టిన్ గానీ సరిపోతుందేమో డాక్టరుగారిని అడగండి. మెదడు గోడలో పి గ్లైకోప్రోటీన్ అనే ఒక తోడు యంత్రం ఉంటుంది. ఫెక్సోఫెనడిన్ లోపలికి రాబోతే అది వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోడేస్తుంది. ఈ మందును మంచినీళ్లతోనే వేయండి. బత్తాయి, కమలా, ఆపిల్ రసంతో వేస్తే పేగుల్లోంచి రక్తంలోకి చేరే భాగం బాగా తగ్గిపోతుంది. బిలాస్టిన్ అయితే పరగడుపున.

రోజూ ఉండే ముక్కు అలర్జీకి మాత్రకంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే బాగా పని చేస్తుంది, అది నిద్ర జోలికి పోదు. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడకండి. అయితే దాని పూర్తి ఫలితం కనబడటానికి వారం రెండు వారాలు పడుతుంది. హాల్ టికెట్ చేతికి వచ్చాక మొదలుపెడితే లాభం లేదు.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. నిద్ర పట్టదని చెబితే డాలస్ నుంచి మా చెల్లెలు ఒక పెద్ద డబ్బా తెచ్చింది. అక్కడ చీటీ లేకుండానే అమ్ముతారట, ఏ హానీ ఉండదట. రెండు వారాలు బాగా పడుకుంది. ఇప్పుడు నిద్ర మళ్లీ మొదటికే వచ్చింది గానీ, ఉదయం లేచాక పదింటిదాకా అయోమయంగా ఉంటోంది, ఒకసారి పడబోయింది.
– ఒక కొడుకు, నెల్లూరు

జవాబు: ముందు ఆ డబ్బాను పక్కన పెట్టండి. అమెరికాలో దుకాణాల్లో దొరికే నిద్ర మాత్రలు చాలావరకు డైఫెన్‌హైడ్రమిన్ లేదా డాక్సిలమిన్. అంటే అవి మన పాత అలర్జీ మాత్రల సోదరులే. అక్కడ పేరు మార్చుకుని, దుష్ఫలితాన్నే సరుకుగా చేసుకుని అమ్ముడవుతున్నాయి. కొన్ని డబ్బాల్లో పేరు చివర ‘పీఎం’ అని ఉంటుంది; వాటిలో చాలావాటిలో దీనితోపాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది కనుక, అమ్మగారు నొప్పులకు వేరే పారాసిటమాల్ వేసుకుంటుంటే ఆ రెండు లెక్కలూ కలపాలి.

పడుకునే ముందు డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు తీసుకున్న యువకులకు మర్నాడు ఉదయం స్కాన్ చేస్తే, మెదడులోని హెచ్‌1 గ్రాహకాల్లో దాదాపు 45 శాతం ఇంకా మందు కిందే ఉన్నాయి. యువకుల సంగతే అది. ఏళ్లు మీదపడ్డ ఒంట్లో మందు ఇంకా నెమ్మదిగా కరుగుతుంది. పైగా ఈ మందు ఒక్క హిస్టమిన్‌తో ఆగదు. జ్ఞాపకానికి, ధ్యాసకు ఆధారమైన అసిటైల్‌కోలిన్ అనే మరో వ్యవస్థను కూడా అడ్డుకుంటుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, అయోమయం అన్నీ దాని ఫలితాలే. అరవై అయిదు దాటినవారికి ఈ పాతతరం మందులు వద్దని అమెరికా వృద్ధవైద్యుల సంఘమే తన జాబితాలో పెట్టింది. అమెరికాలో చీటీ లేకుండా దొరకడం అనేది అక్కడి అమ్మకం నియమం, అమ్మగారి మెదడుకు ఇచ్చిన హామీ కాదు.

నిద్ర గుణం రెండు వారాల్లో అరిగిపోయి, పొద్దుటి అయోమయం మిగిలిందని మీరు రాసింది సరిగ్గా సరిపోతోంది. మందు ఆపిన మొదటి రెండు మూడు రాత్రులు నిద్ర ఇంకా తగ్గవచ్చు, కంగారు పడకండి. ఆమె ఇంకేవేం వేసుకుంటున్నారో కూడా రాసి తీసుకెళ్లండి. నరాల మంటకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, మానసిక వైద్యంలో వాడే క్వెటియాపిన్, మిర్టాజపిన్ కూడా హెచ్‌1ను గట్టిగా అడ్డుకునేవే. అలర్జీ మందు అన్న పేరు లేకపోవడంతో ఇవి లెక్కలోకి రాకుండా జారిపోతాయి.

అలాగని హెచ్‌1ను అడ్డుకోవడం నిద్రకు ఎప్పుడూ పనికిరాదని అనలేం. డాక్సెపిన్ అనే పాత దిగులు మందును 3 లేదా 6 మిల్లీగ్రాముల అతిచిన్న మోతాదులో నిద్రలేమికి వాడటానికి అమెరికా 2010లో అనుమతించింది. ఆ మోతాదులో అది ఇతర వ్యవస్థల జోలికి పెద్దగా పోక హెచ్‌1 దగ్గరే ఆగుతుంది. రాత్రి చివరి జాములో మెలకువ వచ్చేసేవారికి అది ఎక్కువగా సాయపడుతుంది. అయితే అది డాక్టరు చూసి రాయవలసిన మందు, సూట్‌కేసులో రావలసినది కాదు.

ప్రశ్న: గ్యాస్‌కు వేసుకునే ఫామోటిడిన్ కూడా హిస్టమిన్‌కు విరుగుడే అంటున్నారు. నేను రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌ను. వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేసుకోవచ్చు. అది అడ్డుకునేది హెచ్‌2 అనే వేరే రకాన్ని, అదీ ప్రధానంగా కడుపులో. మెదడులోకి చాలా తక్కువ వెళుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న వృద్ధుల్లో మాత్రం మందు పేరుకుపోయి అయోమయం కలిగించవచ్చు.

ప్రశ్న: కళ్లు తిరుగుతున్నాయని వెళితే నాకు రెండు మాత్రలు రాశారు, ఒకటి బీటాహిస్టిన్, రెండోది సిన్నరిజిన్. రెండూ మెదడులో హిస్టమిన్ గ్రాహకాలను అడ్డుకునేవేనని ఫోన్‌లో చదివాను. కానీ మొదటిది వేసుకుంటే ఏ మగతా లేదు, రెండోది వేసుకుంటే కుట్టుమిషన్ దగ్గరే తూలుతున్నాను, నిన్న సూది వేలికి గుచ్చుకుంది. రెండూ ఒకే పని చేస్తే ఇలా ఎందుకుంటుంది?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: రెండూ అడ్డుకుంటాయి, కానీ వేర్వేరు చోట్ల అడ్డుకుంటాయి. సిన్నరిజిన్ హెచ్‌1ను అడ్డుకుంటుంది, దాని ఫలితం పై జవాబుల్లో చదివారు. తిరుమల ఘాట్ రోడ్డులో వాంతులు కాకుండా వేసుకునే ప్రోమెథజిన్ మాత్రదీ ఇదే దారి. లోపలి చెవి నుంచి వచ్చే గందరగోళపు సంకేతాలను అది మెదడు దగ్గర అణచివేస్తుంది, ఆ పనిలో మెలకువనూ కొంత అణచివేస్తుంది. (రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ అసలు వేయకూడదు, శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను.)

బీటాహిస్టిన్ అడ్డుకునేది హెచ్‌3 రకాన్ని. ఇది హిస్టమిన్ విడుదల చేసే కణం మీదే ఉంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండగానే పైకి తేలి పైపును మూసేసే బంతి ఉంటుంది చూశారా, హెచ్‌3 పని అదే. బయట హిస్టమిన్ చాలినంత చేరగానే, ఇక చాలని కణానికి చెబుతుంది. 1983లో ఫ్రాన్స్‌లో దీన్ని కనుక్కున్నారు. ఆ బంతిని పైకి లేవకుండా పట్టుకుంటే నీళ్లు వస్తూనే ఉంటాయి. అలాగే హెచ్‌3ను అడ్డుకుంటే మెదడులో హిస్టమిన్ పెరుగుతుంది, మెలకువా పెరుగుతుంది. పగటిపూట ఎక్కడపడితే అక్కడ నిద్రలోకి జారిపోయే నార్కొలెప్సీ జబ్బుకు ఇదే సూత్రంతో తయారైన పిటోలిసాంట్ అనే మందును ఐరోపా 2016లో, అమెరికా 2019లో ఆమోదించాయి. దాన్ని పొద్దున్నే వేసుకోవాలి, ఆలస్యమైతే రాత్రి నిద్ర పట్టదు. బీటాహిస్టిన్ అంత బలమైనది కాదు. మెలకువ తెప్పించే మందు అని దాన్ని అనలేం గానీ, నిద్ర తెప్పించకపోవడానికి కారణం మాత్రం ఇదే.

బీటాహిస్టిన్ హెచ్‌1ను కొద్దిగా ప్రేరేపిస్తుంది కూడా. మీ చీటీలో ఆ హెచ్‌1నే సిన్నరిజిన్ మూసేస్తోంది. అంటే ఒక మాత్ర తెరవబోయిన తలుపును రెండోది గడియ వేస్తోంది. ఈ రెండూ కలిపి అవసరమా అని మీ డాక్టరుగారిని తప్పక అడగండి. అంతవరకు సిన్నరిజిన్ వేసుకున్న పూట మిషన్ మీద కూర్చోకండి. ఒకవేళ దాన్ని నెలల తరబడి వాడుతూ వస్తుంటే, చేతులు వణకడం, నడక మందగించడం, మొహం బిగుసుకున్నట్టు ఉండటం వంటివి కనబడుతున్నాయేమో ఇంట్లోవాళ్లను చూడమనండి. ఈ మందు దీర్ఘకాలం వాడితే, ముఖ్యంగా వయసు పైబడినవారిలో, పార్కిన్సన్ జబ్బును పోలిన లక్షణాలు రావచ్చు. చాలామందిలో మందు ఆపాక అవి నెమ్మదిగా తగ్గుముఖం పడతాయి.